హాజరు పట్టీలో లేని పిల్ల: నడిగడ్డలో కౌమార ఆరోగ్య సర్వే అనుభవం

కృష్ణా, తుంగభద్రల మధ్య ఉన్న నడిగడ్డ పల్లెల్లో ఆగస్టు నెలలో బడికి పోయి ఆడపిల్లల రక్తం చూస్తే రక్తహీనతకు ఒక లెక్క వస్తుంది. అదే ఊళ్లో జులై మొదటి వారంలో ఇల్లిల్లూ తిరిగి చూస్తే ఇంకో లెక్క వస్తుంది. మధ్యలో జరిగేది సీడుపత్తి, అంటే హైబ్రిడ్ పత్తి విత్తనం కోసం చేసే సేద్యం. ఆగస్టు వస్తే చేలల్లో క్రాసింగ్ పని మొదలవుతుంది. మధ్యాహ్నం పూట మొగ్గ విప్పి కేసరాలు తీసేయడం, మర్నాడు పొద్దున్నే ఆ పువ్వుకు మగపువ్వు పుప్పొడి అంటించడం. సన్నటి వేళ్లు, పత్తి చెట్టంత ఎత్తు ఉంటే చాలని పది పన్నెండేళ్ల ఆడపిల్లలను కూడా ఆ పనికి పిలుస్తారు. హాజరు పట్టీలో వాళ్ల పేర్లు ఉంటాయి, బెంచీ మీద వాళ్లుండరు. బడికి పోయే సర్వే బెంచీ మీద ఉన్నవాళ్లనే కొలుస్తుంది.

పదేళ్ల నుంచి పందొమ్మిదేళ్ల లోపు పిల్లల ఆరోగ్యంలో కులం, ఆస్తి, ఆడ మగ తేడా ఎంత పనిచేస్తున్నాయో కొలవడం మా పని. గద్వాల, అలంపూర్ వైపు, తుంగభద్ర అవతల కర్నూలు పడమటి మండలాల్లో ఈ పని చేస్తూ నేర్చుకున్నది వరసగా రాస్తున్నాను. అంతటా కనిపించింది ఒకటే. ఊళ్ల ఎంపిక, వయసు, అనుమతి, రక్తం, ప్రశ్న, విశ్లేషణ, ఇలా ఏ మెట్టు దగ్గర అశ్రద్ధ చేసినా జారిపోయేది పేదింటి పిల్లే. కలిగినవాళ్ల పిల్ల ఎలా కొలిచినా లెక్కలోకి వచ్చేస్తుంది. అందుకే సమయం, డబ్బు ఎక్కువగా దొరకని పిల్ల మీదే పెట్టాలి.

ముందు సగటు అంకెల గురించి ఒక మాట. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో 59.1 శాతం మందికి రక్తహీనత. అదే వయసు మగపిల్లల్లో 31.1 శాతం. సమగ్ర జాతీయ పోషకాహార సర్వే (2016-18) మాత్రం 10-19 ఏళ్ల ఆడపిల్లల్లో 40 శాతం, మగపిల్లల్లో 18 శాతం అని చెప్పింది. వయసుల పరిధి వేరు, ఏళ్లు వేరు. వాటికన్నా పెద్ద తేడా రక్తం తీసిన పద్ధతి. మొదటిది వేలి కొసన తీసిన చుక్క, రెండోది నరం నుంచి తీసి ప్రయోగశాల యంత్రంలో చూసిన రక్తం. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి 'పెరిగింది', 'తగ్గింది' అని రాసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఒక సర్వే లోపల, ఒకే పద్ధతిలో కొలిచిన గుంపుల మధ్య తేడానే నమ్మదగ్గది. మేము వెతికేదీ ఆ తేడానే.

తేడాను పట్టాలంటే ఎంతమంది కావాలి? మామూలుగా అందరూ 50 శాతం, 5 శాతం పొరపాటు పెట్టి 384 అని రాసేస్తారు. మొత్తం జిల్లాకు ఒక్క అంకె చెప్పడానికి అది మొదటి మెట్టు, గుంపులను పోల్చడానికి చాలదు. ఒక గుంపులో 60 శాతం, ఇంకో గుంపులో 50 శాతం ఉంటుందని అనుకుని, ఆ పది శాతం తేడాను పట్టుకునే అవకాశం 80 శాతం ఉండాలంటే ఒక్కో గుంపులో దాదాపు 385 మంది ఉండాలి. అదీ పిల్లలను ఒక్కొక్కరిగా చీటీ తీసి ఎంచితే. మేము ముందు ఊళ్లను ఎంచి, ఊరికి ఇరవై మందిని తీసుకుంటాం. ఒకే ఊరి పిల్లలు ఒకే బోరు నీళ్లు తాగుతారు, ఒకే రేషన్ బియ్యం తింటారు, ఒకే ఆరోగ్య కేంద్రానికి పోతారు, కాబట్టి ఒకరిని పోలి ఒకరుంటారు. ఆ పోలికను సున్నా నుంచి ఒకటి దాకా కొలిచే లెక్కలో 0.03 అనుకుంటే, 1 + 19 × 0.03, అంటే 1.57తో గుణించాలి. 385 కాస్తా 605 అవుతుంది. పదో వంతు దొరకరనుకుంటే 672. ఖర్చు తగ్గుతుందని ఊరికి నలభై మందిని తీసుకుంటే గుణకం 2.17కి పోతుంది, అప్పుడు దొరకనివాళ్లను కలపకముందే 836 మంది కావాలి. ఊళ్లు ఎక్కువ, ఊరికి పిల్లలు తక్కువ, ఇదే మేలు. డీజిల్ ఖర్చు చూసి దీన్ని తలకిందులు చేయమని అడుగుతారు, ఒప్పుకోవద్దు.

గుంపులు ఏవి అన్నది సర్వే మొదలుపెట్టకముందే తేల్చుకోవాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఓసీ అని నాలుగు గడులు పెడితే సగం సంగతి కనబడదు. ఈ ప్రాంతంలో బోయలు, కురువలు సంఖ్యలో ఎక్కువ. ఒకరు బీసీ-ఏ, ఒకరు బీసీ-బీ. బీసీ అని ఒకే గడిలో పడేస్తే కూలి ఇల్లు, నాలుగెకరాల తడి ఉన్న ఇల్లు, టౌనులో దుకాణమున్న ఇల్లు అన్నీ కలిసిపోతాయి. ఎస్సీల్లో కూడా ఉపకులం విడిగా రాసుకోవాలి. 2025లో తెలంగాణ ఎస్సీ కులాలను మూడు గుంపులుగా చట్టబద్ధంగా వర్గీకరించింది, ఇక ముందు పథకాలను ఆ కళ్లతోనే చూస్తారు. ఈ ప్రశ్న మొదట్లో అడగకూడదు. పెద్దవాళ్లతో ఇంటి వివరాలు మాట్లాడేటప్పుడు, రేషన్ కార్డు, పొలం అయ్యాక, 'మీ కులం సర్టిఫికెట్‌లో ఏముంటదమ్మా' అని అడిగితే ఇబ్బంది లేకుండా చెప్తారు. పిల్లను మాత్రం ఎప్పుడూ అడగొద్దు.

అనుమతులకు మూడు నెలలు చేతిలో ఉంచుకోవాలి. పరిశోధన వల్ల మనుషులకు హాని లేదని చూసే నైతిక సంఘం అనుమతి, జిల్లా కలెక్టర్, వైద్యారోగ్యాధికారి, విద్యాధికారి, స్త్రీ శిశు సంక్షేమ శాఖ, గురుకులాలుంటే వాటి సొసైటీ, చివరికి పంచాయతీ. ఒకదాని కాపీ చూపిస్తేనే ఇంకొకటి కదులుతుంది కాబట్టి నైతిక సంఘం ఉత్తరంతో మొదలుపెట్టాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం 18 ఏళ్ల లోపు వాళ్లకు తల్లి లేదా తండ్రి సంతకం కావాలి. దాంతోపాటు ఏడు నుంచి పన్నెండేళ్ల పిల్లలు నోటిమాటగా, పన్నెండు దాటినవాళ్లు రాతపూర్వకంగా తమ ఒప్పుదల చెప్పాలి. పద్దెనిమిది నిండినవాళ్లు తమ సంతకం తామే పెడతారు. వేలిముద్ర వేస్తే మా బృందంలో లేని సాక్షి సంతకం తప్పనిసరి. హెడ్‌మాస్టర్ ఇచ్చేది బడిలో అడుగుపెట్టడానికి అనుమతి మాత్రమే, అది తల్లిదండ్రుల అంగీకారం కాదు. తల్లి సరే అన్నాక పిల్లను పక్కకు తీసుకెళ్లి మళ్లీ అడగాలి. పిల్ల తల అడ్డంగా ఊపితే అక్కడితో ఆగిపోవాలి. 'అమ్మ ఒప్పుకుంది కదమ్మా' అని బుజ్జగించడం కూడా ఒత్తిడే.

పదహారేళ్లకే పెళ్లయి అత్తగారింట్లో ఉన్న పిల్ల దగ్గర ఇది చిక్కుముడి అవుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో, 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 18 నిండకముందే పెళ్లైనవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. అంటే ఊరూరా ఒకరిద్దరైనా ఎదురవుతారు. చట్టం దృష్టిలో ఆ పిల్ల బాలిక. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంటుంది. భార్యైనా 18 లోపు వయసుంటే భర్తకు మినహాయింపు లేదని 2017 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి 'నువ్వు చెప్పేది ఎవరికీ చెప్పం' అన్న ఒక్క వాక్యం అంగీకార పత్రంలో రాయడం అబద్ధం. 'నీకు హాని జరుగుతోందని తెలిస్తే మేము చెప్పాల్సిన చోట చెప్పాలి, ముందు నీతో మాట్లాడి చెప్తాం' అని ప్రశ్నలకు ముందే తేటగా చెప్పాలి. వచ్చే జవాబును మోయలేని ప్రశ్నను అసలు అడగొద్దు. లైంగిక జీవితం గురించి 18 లోపు వాళ్లను అడిగే ముందు న్యాయ సలహా, బాలల సంక్షేమ కమిటీతో మాట, తీసుకెళ్లడానికి ఆసుపత్రి, మూడూ సిద్ధంగా ఉండాలి. పిల్లల సహాయ ఫోను 1098 నంబరు కాగితం మీద రాసిచ్చి చేతులు దులుపుకుంటే కుదరదు.

ఇక అసలు పని, ఇళ్ల జాబితా. ఊళ్ల ఎంపికకు చేతిలో ఉన్న జనాభా లెక్క 2011ది. ఆ తర్వాత ఊళ్లు మారాయి, కొత్త మండలాలు, కొత్త జిల్లాలు వచ్చాయి, తండాలు విడి పంచాయతీలయ్యాయి. అందుకే ఎంచిన ప్రతి ఊళ్లో మొదటి రెండు రోజులు సుద్దముక్క, పటం పట్టుకుని అన్ని గడపలకు నంబర్లు వేస్తాం. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచర్ తోడు వస్తే ఊరు తలుపు తీస్తుంది, అది నిజం. కానీ వాళ్లు నడిపించే దారి రోడ్డు వెంట ఉన్న పెద్ద ఊరి దారి. తండా, ఊరి చివరి వాడ, చెరువు కట్ట కింది గుడిసెలు సాయంత్రానికి మిగిలిపోతాయి, 'రేపు చూద్దాం' అనిపిస్తాయి. మేము పెట్టుకున్న నియమం, నంబర్లు వేయడం ఊరి చివర నుంచి మొదలుపెట్టి నడిబొడ్డుకు రావడం. అలసిపోతే మిగిలేది గ్రామ పంచాయతీ ఆఫీసు పక్కిళ్లు, వాటిని మర్నాడు ఎలాగూ వదిలిపెట్టరు.

గడప దగ్గర 'మీ ఇంట్లో ఎంతమంది' అని అడిగితే ఆ పూట ఇంట్లో ఉన్నవాళ్లను చెప్తారు. మేము అడిగే వరస వేరు. ఈ పొయ్యి మీద వండింది తినేవాళ్లెవరు, హాస్టల్లో ఎవరున్నారు, పనికి బయటి ఊరు పోయినవాళ్లెవరు, ఈ సంవత్సరంలో పెళ్లై పోయినవాళ్లెవరు. రెండోసారి అడిగినప్పుడు కొత్త పేర్లు బయటకొస్తాయి. 'చిన్నది ఉంది గానీ ఇస్కూలుకు పోదు సారు, సీడుకు పోతది, దాని పేరు ఎందుకు' అంటారు. బడికి పోని పిల్ల పేరు సర్వేకు పనికిరాదని వాళ్ల మనసులో పడిపోయింది, ఎందుకంటే ఇంతకుముందు వచ్చినవాళ్లందరూ బడి పిల్లలనే అడిగారు. గురుకులంలోనో కస్తూర్బా విద్యాలయంలోనో ఉన్న పిల్లను ఇంటి జాబితాలో రాసి, 'హాస్టల్' అని గుర్తు పెట్టి, అక్కడికెళ్లి కొలవాలి. హాస్టల్లో మూడు పూటలా తిండి, వారానికి కొన్ని గుడ్లు దొరుకుతాయి. హాస్టల్ పిల్లలనే ఎస్సీ పిల్లలందరికీ ప్రతినిధులుగా తీసుకుంటే తేడా కృత్రిమంగా తగ్గిపోతుంది.

ఎంచిన పిల్ల దొరకకపోతే పక్కింటి పిల్లను తీసుకోకూడదు. ఇది ఎన్నిసార్లు చెప్పినా చాలదు. మూడుసార్లు వెళ్లాలి. ఒకసారి పొద్దున ఏడు లోపు, ఆటోలు కూలీలను ఎక్కించుకు పోకముందు, ఒకసారి చీకటి పడ్డాక, ఒకసారి ఆదివారమో అమావాస్యో. అమావాస్య నాడు పొలం పని ఆపే ఊళ్లు ఇటు చాలా ఉన్నాయి, ఆ రోజు దొరికినంతమంది మిగతా వారమంతా దొరకరు. అప్పటికీ దొరకకపోతే అరపేజీ ఫారం నింపాలి. వయసు, కులం, చదువు ఆపిన తరగతి, ఎక్కడికి పోయింది, ఎప్పుడొస్తుంది. దొరికినవాళ్లకు, దొరకనివాళ్లకు తేడా ఏమిటో తర్వాత చెప్పగలిగేది ఈ అరపేజీ వల్లే.

కాలం ఎంచుకోవడం కూడా ఇందులో భాగమే. కర్నూలు పడమట ఆదోని, కోసిగి వైపు 'సుగ్గికి పోయినారు' అంటే ఇంటిల్లిపాదీ మిర్చి కోతలకు గుంటూరు వైపు వలస పోయారని అర్థం. పిల్లలూ వెంటే. జనవరి నుంచి మార్చి దాకా సగం గడపలకు తాళాలు. ఉగాదికి వస్తారు, కానీ ఏప్రిల్, మే ఎండల్లో బడులుండవు, వేలి చుక్కతో చూసే యంత్రాలూ మొరాయిస్తాయి. ఆగస్టు నుంచి క్రాసింగ్. మిగిలింది జూన్ రెండో వారం నుంచి జులై చివరి దాకా. మా పని అంతా ఆ ఏడు వారాల్లోకి కుదించుకున్నాం, అందుకే మనుషులను ఎక్కువ, రోజులను తక్కువ పెట్టుకున్నాం.

రక్తం దగ్గర జరిగే తప్పులు చిన్నవి, ఫలితం మీద వాటి దెబ్బ పెద్దది. వేలి చుక్క యంత్రానికి కావాల్సింది పది మైక్రోలీటర్లు. చేయి చల్లగా ఉంటే ముందు గోరువెచ్చని నీళ్లతో కడిగించాలి. మధ్య వేలు లేదా ఉంగరం వేలు, కొస మీద కాదు, పక్కన గుచ్చాలి. స్పిరిట్ పూర్తిగా ఆరాలి, తడి ఉంటే చుక్క పలచబడుతుంది. మొదటి రెండు చుక్కలు పొడి దూదితో తుడిచేసి, మూడో చుక్కను ఒకే ఊపులో యంత్రంలో పెట్టే చిన్న పలక, క్యువెట్‌లోకి పీల్చనివ్వాలి. మధ్యలో గాలి బుడగ ఉంటే పారేసి ఇంకోటి తీయాలి. రక్తం రావట్లేదని వేలిని పిండితే కణజాలంలోని నీరు కలిసి హిమోగ్లోబిన్ తక్కువ చూపిస్తుంది. ఎవరి వేళ్లు పిండుతారు? చేలో పనిచేసి కాయలు కాచిన వేళ్లు. అక్కడ సూది లోతుగా దిగదు, రక్తం సరిగా రాదు, పిండక తప్పదనిపిస్తుంది. అంటే కూలికి పోయే పిల్లల్లో రక్తహీనతను కొలత తప్పే కొంత పెంచేస్తుంది. అలాంటి చేతులకు లోతుగా దిగే లాన్సెట్లు (గుచ్చే సూదులు) విడిగా ఉంచుకోవాలి, ఒక వేలికి రాకపోతే పిండకుండా ఇంకో వేలు గుచ్చాలి, ఎవరికి రెండోసారి గుచ్చామో ఫారంలో రాయాలి. వేలి చుక్క యంత్రం హిమోక్యూలో పాత నమూనా 201 ముప్పై డిగ్రీల దాకానే నమ్మకంగా పనిచేస్తుంది. రేకుల షెడ్డు కింద జూన్‌లో కూడా అంతకు మించి ఉంటుంది, కాబట్టి పొద్దున తొమ్మిది లోపు ముగించాలి, లేదంటే 301 నమూనా వాడాలి. క్యువెట్ డబ్బా మూత తీసిన తేదీ దాని మీదే పెన్నుతో రాయాలి.

వీలుంటే నరం నుంచే తీయడం మంచిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 మార్గదర్శకాలు కూడా అదే చెప్పాయి. ఊదా మూత గొట్టంలో రెండు మిల్లీలీటర్లు, ఐసు ప్యాకుల పెట్టె, అదే రోజు ప్రయోగశాలకు. 'రక్తం తీసి అమ్ముకుంటారట' అన్న మాట ఒక ఊళ్లో పుడితే మూడు ఊళ్లకు పాకుతుంది. దానికి మందు ఉపన్యాసం కాదు. ఖాళీ గొట్టంలో రెండు మిల్లీలీటర్ల ఎర్రరంగు నీళ్లు పోసి తల్లులకు చూపించి, అది చెంచాలో సగం కూడా లేదని వాళ్ల చెంచాలోనే ఒంపి చూపించాలి. నరం రక్తం వల్ల ఇంకో లాభం, కణాల పరిమాణం తెలుస్తుంది. భద్రాచలం, పాడేరు ఏజెన్సీలలో రక్తహీనత అంటే ఇనుము లోపమే అనుకోకూడదు. సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగే, పుట్టుకతో వచ్చే జబ్బు), మలేరియా కూడా ఉంటాయి. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ నలభై ఏళ్ల లోపు వాళ్లందరినీ పరీక్షించాలని పెట్టుకుంది, అక్కడ పనిచేసేవాళ్లు ఆ పరీక్ష కార్డు ఉందో లేదో తప్పక అడగాలి.

12 నుంచి 14 ఏళ్ల పిల్లలకూ, 15 దాటిన ఆడపిల్లలకూ హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాముల లోపు ఉంటే రక్తహీనత, 15 దాటిన మగపిల్లలకు 13 లోపు, 12 నిండనివాళ్లకు 11.5 లోపు. వయసు సరిహద్దులో గీత మారుతుంది కనుక వయసు తప్పితే వర్గం తప్పుతుంది. బడి రికార్డుల్లో పుట్టిన తేదీలు జూన్ నెలలో కుప్పపడి ఉంటాయి, చేర్చుకునే రోజు ఐదు నిండినట్టు రాసేస్తారు. ఆధార్‌లో జనవరి 1 కుప్ప. ఆసుపత్రిలో పుట్టి, జనన ధ్రువపత్రం ఉన్నది ఎక్కువగా కలిగిన ఇళ్లలోనే. వయసును ఒక ఏడాది ఎక్కువ రాస్తే ఎత్తు వయసుకు తగ్గట్టు లేదని తేలుతుంది, పిల్లకు లేని లోపం అంటగట్టినట్టవుతుంది. అందుకే కాగితం చూశాక కూడా తల్లిని అడగాలి. ఏ పండగ ముందు పుట్టింది, పక్కింటి ఫలానా పిల్లకన్నా పెద్దదా చిన్నదా, కృష్ణమ్మ వరదలొచ్చిన 2009 నాటికి నడుస్తోందా, చంకలో ఉందా. అలంపూర్, కర్నూలు వైపు ఆ అక్టోబరు వరద మరచినవాళ్లు లేరు, ఇంతకన్నా మంచి గుర్తు దొరకదు.

ఎత్తు, బరువు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఎత్తు మిల్లీమీటరు దాకా, బరువు వంద గ్రాముల దాకా, రెండేసి సార్లు. జడ, కొప్పు, పూలు విప్పించాలి, పట్టీలు తీయించాలి. గచ్చు లేని చోట బరువు యంత్రం కింద బండ పరవాలి.

ప్రశ్నల భాషకు మాత్రం రెండు వారాలు పెట్టినా తక్కువే. 'రక్తహీనత' అంటే తల్లులు అర్థం చేసుకోరు, 'రక్తం తక్కువుందన్నారా' అంటే చెప్తారు. 'రుతుస్రావం' కాగితం మాట. ఒక ఊళ్లో 'బయట చేరింది' అంటారు, ఇంకో ఊళ్లో 'ముట్టయింది', చదువుకునే పిల్లలు 'డేట్ వచ్చింది' అంటారు. మొదటిసారిదైతే 'పెద్దమనిషి అయింది'. ఇంటర్వ్యూ చేసేవాళ్లు మొదటి నిమిషంలోనే పిల్ల నోట వచ్చిన మాటను పట్టుకుని చివరి దాకా అదే వాడాలి. 'గత రెండు వారాల్లో' అంటే జవాబు గాల్లోంచి వస్తుంది. 'పోయిన సంతకు ముందు సంత నుంచి' అంటే లెక్క కుదురుతుంది. సరిహద్దు ఊళ్లలో కన్నడం, తండాల్లో లంబాడీ, కొన్ని వాడల్లో ఉర్దూ ఇంటి భాష. తెలుగులో అడిగితే ఆ పిల్లలు 'లేదు' అని పొడిగా ముగించేస్తారు, అది ఆరోగ్యం కాదు, భాష రాకపోవడం.

మనసు గురించి అడిగే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ పట్టీ వాడాం. 'ఆసక్తి, ఆనందం తగ్గడం' అన్న అనువాదం ఏ పిల్లకూ అందలేదు. 'ఏ పని మీదా మనసు పోకపోవడం' అన్నాక అందింది. 'కుంగుబాటు' బదులు గద్వాల వైపు 'రంది', అవతల 'దిగులు', 'బెంగ'. ఇక్కడ అసలు అడ్డంకి తల్లి. ప్రశ్న పిల్లకు, జవాబు తల్లిది. ఇంట్లో రెండో గది లేని ఇళ్లలోనే ఇది ఎక్కువ, అంటే మళ్లీ పేద పిల్ల గొంతే వినపడదు. ఇద్దరు వెళ్లాలి, ఒకరు తల్లితో ఇంటి వివరాలు వాకిట్లో రాసుకుంటూ ఉండగా ఇంకొకరు పిల్లతో వేపచెట్టు కింద కూర్చోవాలి. సున్నితమైన ప్రశ్నలు టాబ్లెట్‌లో రికార్డు చేసి, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి, పిల్లే రంగు బొత్తాం నొక్కేలా చేస్తే చదువు రానివాళ్లూ జవాబివ్వగలరు. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి 'ఉంది' అని వస్తే తర్వాతి ప్రశ్నకు పోకూడదు. పర్యవేక్షకురాలికి అప్పుడే ఫోన్, అదే రోజు పిల్లతో మాట్లాడే మనిషి, మానసిక సహాయ ఫోను టెలిమానస్ 14416, పిల్ల నమ్మే ఒక పెద్ద మనిషి ఎవరో పిల్లనే అడిగి తెలుసుకోవడం. ఈ ఏర్పాటు లేకపోతే ఆ ప్రశ్న తీసేయండి.

ఆస్తి లెక్కకు పాత జాబితాలు పనికిరావు. టీవీ, ఫోను, కరెంటు దాదాపు అందరికీ ఉన్నాయి, వాటితో ఇళ్లు విడిపోవు. ఇక్కడ ఇళ్లను విడదీసేవి బోరు ఉన్న భూమి, పైకప్పు రకం, బండి, ఫ్రిజ్, ఇంట్లో వాడే మరుగుదొడ్డి, కూలీలను పనికి తీసుకెళ్లే మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు. చివరిది ఏ ప్రామాణిక జాబితాలోనూ కనబడలేదు గానీ, పిల్ల ఈ ఏడు బడికి పోతుందా లేదా అన్నది అన్నిటికన్నా అదే ముందు చెప్తుంది.

ప్రతి రాత్రి డేటా చూడాలి. ఒకరి ఎత్తులన్నీ సున్నాతోనో ఐదుతోనో ముగుస్తుంటే, ఒకరి హిమోగ్లోబిన్‌లన్నీ 12కు కొంచెం పైన ఉంటే, ఒకరి ఫారాల్లో 'బడి మానేసిన పిల్ల' ఒక్కరూ లేకపోతే, మర్నాడు వాళ్లతో కలిసి నడవాలి. విశ్లేషణలో నిష్పత్తి, తేడా రెండూ చెప్పాలి. పేద ఇళ్లలో 60 నుంచి 48 శాతానికి, కలిగిన ఇళ్లలో 40 నుంచి 30 శాతానికి తగ్గిందనుకుందాం. తేడా 20 నుంచి 18కి దిగింది, కానీ నిష్పత్తి 1.5 నుంచి 1.6కి ఎక్కింది. అసమానత తగ్గిందని ఒకరు, పెరిగిందని ఒకరు ఇదే లెక్కతో వాదించగలరు. దొరకనివాళ్లందరికీ రక్తహీనత ఉంటే ఎంత, ఎవరికీ లేకపోతే ఎంత అని రెండు హద్దులూ కట్టి చూపించడం మా అలవాటు. ఆ హద్దుల వెడల్పు చూస్తేనే అధికారులకు వలస పిల్లలు ఎంతమందో కంటికి కనబడుతుంది.

ఫలితం కార్డు పిల్ల చేతికి అదే రోజు ఇవ్వాలి. 8 గ్రాముల లోపు ఉంటే మాటతో సరిపెట్టకుండా బండి పెట్టి, తోడు వెళ్లి ఆసుపత్రిలో చూపించాలి. బడిలో వారానికొకటి ఇచ్చే నీలం మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. అన్నం తిన్నాక వేసుకోవాలి, వెంటనే టీ తాగకూడదు, దొడ్డికి నల్లగా పోతే భయపడక్కర్లేదు. ఈ మూడు మాటలు ఎవరూ చెప్పకే చాలామంది రెండో వారానికి మానేస్తారు. బడి మానేసిన ఆడపిల్లలకు అదే మాత్ర అంగన్‌వాడీలో దొరకాలి, దొరుకుతోందా లేదా అన్నది సర్వేలో ఒక ప్రశ్నగా పెట్టాలి. నులిపురుగుల మాత్ర దినం ఏటా ఫిబ్రవరి 10, ఆగస్టు 10. ఫిబ్రవరిలో సుగ్గి, ఆగస్టులో క్రాసింగ్, రెండు తేదీల్లోనూ ఈ పిల్లలు బడిలో ఉండరు. ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు చేనుకు తీసుకెళ్లి ఇవ్వడానికి ఆశా కార్యకర్తకు ఒక పూట ఆటో ఖర్చు చాలు. మా నివేదికలో మొదటి సిఫారసు అదే రాశాం.

ఊరి సభ ఉగాది తర్వాతి వారంలో పెట్టుకుంటాం. అంకెలు గోడ మీద పెద్దగా రాసి చదువుతాం, ఎవరి పేర్లూ ఉండవు. సభ అయ్యాక అరపేజీ ఫారాల కట్ట విప్పి, 'ఉగాదికి వస్తుంది' అని రాసుకున్న ఇళ్లకు, ఊరి చివర నుంచి మొదలుపెట్టి, లాన్సెట్లు, ఖాళీ కార్డులు పట్టుకుని మళ్లీ పోతాం.